రికవరీ ఏజెంట్ గేటు దగ్గరికొచ్చి అరిచి వెళ్లాడు, కట్టడానికి నిజంగానే డబ్బుల్లేవు

పిల్లర్_నంబర్
మార్చిలో ఉద్యోగం పోయింది. పర్సనల్ లోన్ ఇంకా 4.6 లక్షలు ఉంది, నెలకు 13,400 కట్టాలి. క్రెడిట్ కార్డు మీద 1.35 లక్షలు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, 22 వేలు వస్తాయి, అందులో అద్దెకే 11 పోతుంది. జులై దాకా దాచుకున్న దాంతో లాక్కొచ్చాను. ఆగస్టు, సెప్టెంబరు ఈఎంఐలు బౌన్స్ అయ్యాయి.

ఫోన్ల సంగతి వదిలేయండి, రోజుకు ముప్పై దాకా వస్తున్నాయి, చెవులు అలవాటుపడ్డాయి. మొన్న ఆదివారం మా మామగారు వచ్చి ఉన్నారు. ఒకతను చంకలో ఫైలు పెట్టుకుని కింద గేటు దగ్గర నిలబడి వాచ్‌మన్‌తో "302 వాళ్లు బ్యాంకు డబ్బులు ఎగ్గొట్టారు, పైకి ఫోన్ కొట్టు" అని పార్కింగంతా వినపడేలా అరిచాడు. మా పాప అక్కడే సైకిల్ తొక్కుతోంది. పైకొచ్చి "నాన్నా, ఎగ్గొట్టడం అంటే ఏంటి?" అని అడిగింది. మా మామగారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. అరగంట సేపు ఆ పేజీ తిప్పలేదు.

ఎగ్గొట్టే ఉద్దేశం లేదు. ఇప్పుడు లేవు, అంతే. మళ్లీ వస్తాను, ఈసారి పోలీసులతో వస్తాను అన్నాడు. నిజంగా తెస్తారా? వస్తే ఏం మాట్లాడాలి? మా ఆవిడ నగలు అమ్మేద్దామంటోంది.

లెక్క_పక్కా
అప్పు చేసేటప్పుడు ఆర్నెల్ల ఖర్చు పక్కన పెట్టుకోవాలని తెలియదా? కార్డు మీద 1.35 లక్షలు ఏం కొన్నారో ముందు అది చెప్పండి.

పిల్లర్_నంబర్
అమ్మకు మోకాలి ఆపరేషన్. బిల్లు ఫొటో పెట్టమంటారా?

ఉప్మా_వద్దు
లెక్క_పక్కా గారూ, ఆ గేటు దగ్గరికొచ్చింది మీరు కాదు కదా?

పాత_బకెట్
నాలుగేళ్లు కలెక్షన్లో చేశాను. రెండేళ్లు ఫోన్లు, రెండేళ్లు ఫీల్డు. తిట్టాలనుకుంటే తిట్టండి, ముందు ఇది చదవండి.

మీవి రెండు వాయిదాలు పడ్డాయి కాబట్టి మా భాషలో మీరు రెండో బకెట్. 90 రోజులు దాటితే బ్యాంకు పుస్తకాల్లో అది మొండి బాకీ కింద పడుతుంది. అందుకే ఇప్పుడు ఇంత గోల. ఒక్క ఈఎంఐ కట్టించినా మీ ఖాతా ఉన్న బకెట్లోనే ఆగుతుంది. దాన్ని 'స్టాబ్ చేయడం' అనేవాళ్లం. ఆ కుర్రాడికి వచ్చే జీతం తక్కువ, మిగతాదంతా ఇన్సెంటివ్. 25వ తేదీ దాటాక టీమ్ లీడర్ అతన్ని అనే మాటలు వింటే, మీకు పడింది అందులో పావు వంతే అనిపిస్తుంది. అతన్ని వెనకేసుకు రావట్లేదు, ఆ అరుపు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతున్నానంతే.

పోలీసులు రారు. నాలుగేళ్లలో నేను ఒక్కసారీ పోలీసును వెంటబెట్టుకుని ఎవరింటికీ వెళ్లలేదు. ఒకసారి మేమే స్టేషన్‌కి పోవాల్సొచ్చింది, అది వేరే కథ.

ఇంకో మాట. ఫోన్లో మీరు అరగంట ఏడ్చినా, తిట్టినా, అవతలివాడు సిస్టంలో ఎక్కించేది ఒక్కటే: ఏ తేదీకి కడతానన్నాడు. పోరు పడలేక '5న చూస్తా' అంటారు. ఇక 5న ఉదయం ఏడున్నరకే మొదలు. తేదీ చెప్పకండి. "ఆదాయం లేదు, బ్యాంకుకు మెయిల్ పెట్టాను, ఏదున్నా అందులోనే" అని చెప్పండి. ప్రతిసారీ అదే మాట, అదే గొంతు. వాదించేవాడి మీద మాకు ఆశ ఉండేది, ఎక్కడో ఒకచోట రోషానికొచ్చి కడతాడని. ఒకే ముక్క తిప్పి తిప్పి చెప్పేవాడి నంబరు చూస్తేనే నీరసం వచ్చేది.

ఉప్మా_వద్దు
ఆ వేరే కథ చెప్పకుండా వెళ్లకండి.

పాత_బకెట్
ఏముంది, తప్పు ఇంటికెళ్లాం. పేరు ఒకటే, ఫ్లాటు నంబరు ఒకటే, బ్లాకు వేరు. మావాడు తలుపు తీయగానే మొదలెట్టేశాడు. ఆయన రిటైరైన హెడ్ కానిస్టేబుల్. కూర్చోబెట్టి టీ ఇచ్చి మరీ ఫోన్ చేశాడు.

నల్లకోటు_నెల్లూరు
'ఉదయం ఏడున్నరకే' అన్నారు చూడండి, అదే తప్పు. ఆర్బీఐ 2022 ఆగస్టు సర్క్యులర్ ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు, ఇంట్లోవాళ్ల, స్నేహితుల, రిఫరెన్సు ఇచ్చినవాళ్ల జోలికి పోకూడదు. పార్కింగ్‌లో అరవడం సరిగ్గా ఇందులోకే వస్తుంది. ఏజెంటు చేసినదానికి బ్యాంకుదే బాధ్యత, 'అది బయటి ఏజెన్సీ, మాకు సంబంధం లేదు' అంటే కుదరదు.

వచ్చినవాణ్ని ముందు అడగాల్సినవి గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన ఆథరైజేషన్ లెటరు. రెండూ ఫొటో తీసుకోండి. ఇవ్వకపోతే గేటు బయటే.

మీవి రెండూ తాకట్టు లేని అప్పులు. కోర్టుకెళ్లి డిక్రీ తెచ్చుకోకుండా మీ ఇంట్లో స్టీలు గ్లాసు కూడా ముట్టుకోలేరు. డిక్రీ వచ్చినా జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు రావు. పీఎఫ్ జోలికీ పోలేరు.

అందరూ దాటేసే సంగతి ఒకటుంది. 'అప్పు కట్టకపోతే జైలు లేదు' అని యూట్యూబ్ నిండా వీడియోలున్నాయి. అప్పు వరకు నిజమే. చెక్కు బౌన్స్ అయితే మాత్రం సెక్షన్ 138, రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఆటో డెబిట్ బౌన్సుకు కూడా 2007 నాటి పేమెంట్ చట్టంలో సెక్షన్ 25 కింద అలాంటి శిక్షే రాసి ఉంది. కాబట్టి డిమాండ్ నోటీసు వస్తే చింపి పారేయకండి, 15 రోజుల గడువు నడుస్తుంటుంది. పట్టుకుని లాయరు దగ్గరికి పోండి. లాయరుకు ఇవ్వడానికి లేకపోతే 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవా సంస్థ దారి చూపిస్తుంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

పిల్లర్_నంబర్
138 చదివి మళ్లీ టెన్షన్ పట్టుకుంది. నేను చెక్కులు ఇవ్వలేదు, ఆటో డెబిటే. వాట్సాప్‌లో 'లీగల్ నోటీస్' అని ఒక పీడీఎఫ్ వచ్చింది. ఎర్ర అక్షరాలు, పైన త్రాసు బొమ్మ. 'అరెస్ట్ వారెంట్ ప్రాసెస్‌లో ఉంది' అని రాశారు.

పాత_బకెట్
ఆ త్రాసు బొమ్మ నాకు తెలుసు. మా ఆఫీసులో ఒకమ్మాయి పేర్లు మారుస్తూ రోజుకు రెండొందలు పంపేది.

నల్లకోటు_నెల్లూరు
ఎర్ర సిరాతో వారెంట్లు రాసే కోర్టు నేనింకా చూడలేదు. కింద అడ్వొకేటు పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, మీ లోన్ ఖాతా నంబరు, చిరునామా ఉన్నాయా చూడండి. ఉంటే జవాబివ్వాలి. లేకపోతే మీ ఫిర్యాదుకు అదే సాక్ష్యం, డిలీట్ చేయకండి.

డల్లాస్_బుల్లోడు
ఇక్కడ అమెరికాలో కలెక్షన్ వాళ్లకు 'ఈ అప్పు నాదేనని రుజువు చూపించు' అని 30 రోజుల్లోగా ఉత్తరం రాస్తే, చూపించేదాకా వసూలు ఆపాలి. అలా ట్రై చేయండి.

సీతమ్మధార_సుబ్బు
బుల్లోడు గారూ, అది అక్కడి చట్టం. ఇక్కడ ఆ ఉత్తరం ఇస్తే దాంతో పకోడీ పొట్లం కడతారు.

డల్లాస్_బుల్లోడు
సరే, ఒప్పుకున్నా. కానీ నా బాధ ఇక్కడిదే. 2019లో వచ్చేసేటప్పుడు ఒక కార్డు క్లోజ్ చేశాననుకున్నా, చేయలేదట. తెనాలిలో మా నాన్నకు ఫోన్లు. ఆయనకు 71. ఎవరు ఫోన్ చేసినా "అబ్బాయి పంపిస్తాడండి, కాస్త ఓపిక పట్టండి" అంటూ బతిమాలుతున్నారు. నాకు నెల తర్వాత తెలిసింది.

నల్లకోటు_నెల్లూరు
ఆయన హామీ సంతకం పెట్టలేదు కదా? పెట్టకపోతే ఆయన ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, ఒక్క ఫోనుకూ జవాబివ్వక్కర్లేదు. ఆ నంబర్లు, తేదీలు రాసిపెట్టమనండి.

నరసరావుపేట_లక్ష్మి
మీరంతా ఫోన్లు, మెయిళ్లు అంటున్నారు. మా దగ్గర అలా కాదు. మాది గ్రూపు లోను, పదిమంది. వారం వారం ఒకరి అరుగు మీద మీటింగు. గత వానాకాలం మా ఆయన ఆటో మీద నుంచి పడి రెండు నెలలు మంచాన పడ్డారు. మూడు వారాలు కట్టలేకపోయాను. ఆఫీసరు గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. నవ్వుతూ కూర్చుని "ఈవిడ కట్టేదాకా ఎవరూ లేవద్దమ్మా" అన్నాడంతే. మధ్యాహ్నం పన్నెండైంది. బడి నుంచి వచ్చే పిల్లలకు అన్నం పెట్టాలి, కూలికి పోవాలి, తొమ్మిదిమంది నా మొహమే చూస్తున్నారు. మా తోడికోడలు కూడా గ్రూపులో ఉంది. ఆవిడే మొదట అంది, "చెవుల దుద్దులున్నాయిగా" అని.

గేటు దగ్గర అరిచినవాడే నయం. వాడు పరాయివాడు.

పాత_బకెట్
లక్ష్మి గారు చెప్పిందే అసలు కిటుకు. మనిషి అక్కర్లేకుండా సిగ్గు చేత వసూలు చేయించడం. మేము రిఫరెన్సులకు ఫోన్ చేసేది కూడా ఇందుకే.

నల్లకోటు_నెల్లూరు
లక్ష్మి గారూ, మైక్రోఫైనాన్సుకు రూలు ఇంకా గట్టిది. 2022లో వచ్చిన ఆర్బీఐ నిబంధనల ప్రకారం ఉదయం 9 నుంచి సాయంత్రం 6 మధ్యే ఫోన్లు. ఇద్దరూ ఒప్పుకున్న చోటే వసూలు. వరసగా రెండుసార్లు లేదా అంతకు మించి అక్కడికి రాకపోతేనే ఇంటికి రావాలి. ఇంటి మొత్తం వాయిదాలు నెల ఆదాయంలో సగం దాటకుండా చూసుకుని అప్పివ్వాల్సిన బాధ్యత కూడా ఇచ్చేవాళ్లదే. ఇదంతా మనకు కొత్త కాదు. 2010లో ఆత్మహత్యల తర్వాతే ఉమ్మడి రాష్ట్రంలో ఆర్డినెన్సు తెచ్చారు, మర్నాడు అది చట్టమైంది. ఆర్బీఐ దగ్గర రిజిస్టరైన ఫైనాన్సు కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది.

(మర్నాడు కాదు, మరుసటి ఏడాది. ఫోన్లో టైప్ చేస్తున్నా.)

నరసరావుపేట_లక్ష్మి
రూలు అరుగు మీద ఎవరు చదువుతారండి. మా ఊళ్లో నేను ఆ మాట ఎత్తితే వచ్చే ఏడు నాకు ఏ గ్రూపులోనూ చోటుండదు. విత్తనాలకు మళ్లీ ఎవరి దగ్గరికి పోవాలి?

వరంగల్_వాసు
మా నాయన చేసిన ప్రామిసరీ నోటు అప్పు చెబుతా. నూటికి మూడు రూపాయల మిత్తి, ఊర్లో మనిషే. నోటు రాసి మూడేళ్లు దగ్గర పడేసరికి ఆయన ఇంటికొచ్చిండు. "వంద రూపాయలియ్యి చాలు" అన్నడు. మా నాయన సంబరపడి ఇచ్చిండు. ఆయన నోటు వెనక్కి తిప్పి, చెల్లు రాసి, తేదీ వేసి సంతకం పెట్టించుకున్నడు. ఆ వంద రూపాయలతో నోటుకు ఇంకో మూడేళ్ల ఆయుష్షు పోసినట్టు.

ఉప్మా_వద్దు
సంతకం పెట్టకుండా ఉంటే నోటు కాలం చెల్లిపోయేది. భలే పని.

వరంగల్_వాసు
అదే అంటరు అందరు. కానీ మా తమ్ముణ్ని దవాఖానాల వేసినప్పుడు రాత్రి పదకొండింటికి డబ్బులు తెచ్చిచ్చింది ఆయనే. బ్యాంకోడు రాలే. మిత్తి ఎక్కువే, కాదనను. కాలం చెల్లిందని మొహం చాటేస్తే మళ్ల ఆ వాడకట్టుల ఎట్ల తిరుగుడు?

సీతమ్మధార_సుబ్బు
అందరూ మీ ఊరి మనిషిలా ఉండరు. 2015లో బెజవాడ కాల్ మనీ గొడవ గుర్తుందా? అవసరానికి ఇచ్చినవాళ్లే ఆడవాళ్ల జీవితాలతో ఆడుకున్నారు.

కిస్తీల_కిరణ్
లోన్ యాప్ జోలికి మాత్రం పోకండి. పిల్లర్ గారు ఆ దారి చూస్తున్నారేమోనని ముందే చెబుతున్నా. ఒక కిస్తీ కట్టడానికి యాప్‌లో 3,000 అడిగితే చేతికి 1,800 వచ్చింది. వారంలో 3,000 కట్టాలన్నాడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్టులకు 'అలవ్' కొట్టాను. ఎనిమిదో రోజున నా ఫొటో మార్ఫింగ్ చేసి మా ఆఫీసు గ్రూపులో వేశారు. మా అక్క అత్తగారికి కూడా పోయింది. 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్‌లో ఫిర్యాదు ఇచ్చాక, నేనే అందరికీ ఒక మెసేజ్ పెట్టాను: 'నా ఫోన్ హ్యాక్ అయింది, నా పేరుతో ఏమొచ్చినా తెరవకండి'. దాని తర్వాత వాళ్ల దగ్గర బెదిరించడానికి ఏమీ మిగల్లేదు.

2020 డిసెంబరులో హైదరాబాదులో ఈ యాప్‌ల వాళ్లను పోలీసులు అరెస్టు చేసినప్పుడు పేపర్లో చదివి, 'ఎవరు తీసుకుంటార్రా ఇలాంటివి' అని నవ్వినవాణ్ని నేను.

పిల్లర్_నంబర్
నిజం చెప్పాలంటే నిన్న రాత్రి ఒక యాప్ డౌన్‌లోడ్ చేశా. ఇప్పుడే తీసేశా.

సీతమ్మధార_సుబ్బు
నగల సంగతికొస్తే, అమ్మొద్దు. బ్యాంకులో తాకట్టు పెట్టి ముందు కార్డు తీర్చేయండి.

లెక్క_పక్కా
ఇక్కడ సుబ్బు గారితో నేనూ ఏకీభవిస్తా, లెక్క చూడండి. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే 1.35 లక్షల మీద 4,725. దాని మీద జీఎస్టీ ఇంకో 850. అంటే నెలకు 5,575 వడ్డీకే పోతోంది, అసలు కదలదు. అదే మొత్తానికి బ్యాంకు గోల్డ్ లోన్ ఏడాదికి 9.5 శాతం మీద నెలకు 1,070. ఇక బిల్లు గురించి అడిగినందుకు ఏమీ అనుకోకండి. మా బావమరిది ఇలాగే నాలుగు కార్డులు గీకి నా జామీను సంతకం మీద పారిపోయాడు. ఏడేళ్లు నేను కట్టాను.

నల్లకోటు_నెల్లూరు
లెక్క బాగుంది, కానీ ఆదాయం లేని మనిషికి చెబుతున్నారు. కార్డు అప్పుకు తాకట్టు లేదు. గోల్డ్ లోన్ వడ్డీ కూడా కట్టలేకపోతే నగలు వేలానికి పోతాయి. తాకట్టు లేని అప్పును తెచ్చి బంగారం మీద పెట్టినట్టవుతుంది. ఉద్యోగం వచ్చాక చేయండి, ముందు కాదు.

లెక్క_పక్కా
అప్పటిదాకా నెలకు ఐదున్నర వేలు పెరుగుతూ పోవాలా?

నల్లకోటు_నెల్లూరు
పెరగనివ్వండి. సెటిల్‌మెంట్లో మొదట వదిలేసేది ఆ పెరిగినదాన్నే.

లెక్క_పక్కా
సెటిల్ చేస్తే సిబిల్లో 'సెటిల్డ్' అని పడుతుంది, 'క్లోజ్డ్' అని కాదు. రేపు ఇంటి లోనుకు వెళ్తే మొహమ్మీదే తలుపేస్తారు. దీని గురించి మాట్లాడరేం?

నరసరావుపేట_లక్ష్మి
ఇంటి లోను గురించి తర్వాత చూసుకోవచ్చండి. ముందు ఆ నెల బియ్యం, అద్దె, పిల్ల ఫీజు పక్కన పెట్టుకోమనండి. అవి మిగిల్చుకోకుండా కట్టినవాళ్లే మళ్లీ అప్పుకు పోతారు. నేను పోయాను కాబట్టి చెబుతున్నాను.

పాత_బకెట్
సెటిల్‌మెంట్ దాకా వస్తే మాత్రం, బ్యాంకు మెయిల్ ఐడీ నుంచి లెటరు రాకుండా ఒక్క రూపాయి వేయకండి. అందులో లోన్ నంబరు, మొత్తం, ఆఖరి తేదీ, 'దీంతో బాకీ పూర్తి' అన్న మాట ఉండాలి. డబ్బు లోన్ ఖాతాలోకే పోవాలి. ఏజెంటు సొంత యూపీఐకి పంపి మళ్లీ మొత్తం కట్టుకున్నవాళ్లను కళ్లారా చూశాను. కట్టాక నో డ్యూస్ లెటరు చేతికొచ్చేదాకా వదలొద్దు. మొదట చెప్పిన ఆఫరుకు ఎగిరి గంతేయకండి, మార్చి నెలలో వచ్చేది వేరుగా ఉంటుంది.

ఉప్మా_వద్దు
ఆషాఢం సేల్ లాగా మార్చి సేల్ అన్నమాట.

నల్లకోటు_నెల్లూరు
పిల్లర్ గారూ, మెయిల్ ఇవాళే పెట్టండి. ఉద్యోగం పోయిన తేదీ, రుజువు, ఇంటి ఆదాయం, ఇప్పుడు ఎంత కట్టగలరో (సున్నా అయితే సున్నా అనే రాయండి), ఈఎంఐ తగ్గించి కాలం పెంచమని అడగండి. రెండో పేరాలో ఆదివారం జరిగింది తేదీ, టైముతో. వాచ్‌మన్ పేరు సాక్షిగా రాయొచ్చు, అతను ఒప్పుకుంటే. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో వేయొచ్చు, రూపాయి ఖర్చు లేదు. సందేహముంటే 14448. లోక్ అదాలత్‌కు రమ్మని కాగితం వస్తే భయపడకండి, అక్కడ ఇష్టమైతేనే రాజీ. కానీ సంతకం పెడితే మళ్లీ అప్పీలు ఉండదు, కట్టగలిగినదానికే పెట్టండి.

పిల్లర్_నంబర్
రాస్తున్నా. మూడుసార్లు మొదలెట్టాను, మూడుసార్లూ 'క్షమించగలరు' అనే వస్తోంది.

నరసరావుపేట_లక్ష్మి
ఆ మాట తీసేయండి. మీరు దొంగతనం చేయలేదు.

పిల్లర్_నంబర్
మూడు వారాల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

మెయిల్‌కు తొమ్మిదో రోజున జవాబొచ్చింది. ముందు ఎప్పటిలాగే 'మీ ఫిర్యాదు విలువైనది' అని. మళ్లీ రాశాను, ఆ త్రాసు బొమ్మ పీడీఎఫ్ జత చేసి. తర్వాత బ్రాంచి నుంచి ఒక మేడమ్ ఫోన్ చేశారు, మామూలు గొంతుతో. ఫోన్లు రోజుకు ముప్పై నుంచి రెండుకు దిగాయి. కాలం ఆరేళ్లకు పెంచితే ఈఎంఐ 9,500 చిల్లర పడుతుందన్నారు. మొత్తమ్మీద కట్టేది పెరుగుతుందని తెలుసు. వచ్చే నెల ఒక చిన్న కంపెనీలో 28 వేలకు చేరుతున్నాను, అందుకని ఒప్పుకుందామనుకుంటున్నాం.

మామగారు వెళ్లేటప్పుడు షెల్ఫ్‌లో ఒక కవరు పెట్టి వెళ్లారు, ఇరవై వేలు. తిరిగిచ్చేద్దామని ఫోన్ చేస్తే 'పాప ఫీజుకు' అన్నారు, మళ్లీ ఆ విషయం ఎత్తలేదు.

ఇంకోటి. మొన్న కొత్త ఏజెంటు ఒకతను వచ్చాడట, నేను ఇంట్లో లేను. వాచ్‌మన్ గేటు తీయకుండానే "ఆదాయం లేదు, బ్యాంకుకు మెయిల్ పెట్టారు, ఏదున్నా అందులోనే. నీ కార్డు చూపించు, ఫొటో తీసుకుంటా" అన్నాడట. నేను ఫోన్లో అంటుంటే రోజూ విన్నాడు మరి.

ఉప్మా_వద్దు
ఆ వాచ్‌మన్‌ను మా అపార్ట్‌మెంట్‌కు పంపండి.

లెక్క_పక్కా
బాగుంది. మరి కార్డు సంగతేం చేశారు?

పిల్లర్_నంబర్
ఇంకా తేలలేదు. నగలు బీరువాలోనే ఉన్నాయి. రోజూ రాత్రి భోజనాల తర్వాత నేనూ మా ఆవిడా మీ ఇద్దరి పోస్టులూ చదువుకుని పోట్లాడుకుంటున్నాం. ఆవిడ మీ వైపు.